తిండి, నిద్ర, కోరిక, వ్యసనం, ఆవేశం: వీటన్నిటినీ ఒకే గాటన ఎందుకు కట్టారు?

మూడోబెంచి

అందరికీ నమస్కారం. సైకాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా పుస్తకంలో తిండి రుగ్మతలు, నిద్ర రుగ్మతలు, లైంగిక సమస్యలు, వ్యసనాలు, ఆవేశం (కోపమే కాదు, ఉన్నపళంగా ఏదో చేసేయాలనే తహతహ) అదుపు తప్పడం, అన్నీ పక్కపక్కనే పెట్టారు. లక్షణాలు బట్టీ పట్టి పరీక్ష రాయగలను. కానీ అసలు విషయం బుర్రకెక్కడం లేదు. ఆకలి, నిద్ర, కోరిక, కోపం అందరికీ ఉన్నవే కదా. ఎక్కడిదాకా మామూలు, ఎక్కడినుంచి జబ్బు? ఇంట్లో అడిగితే "మనసు గట్టిగా ఉంటే ఇవేవీ దగ్గరికి రావు" అన్నారు. ఆ మాట సరైంది కాదనిపించింది, కానీ ఎందుకు కాదో చెప్పలేకపోయాను. ఈ రంగంలో ఉన్నవాళ్ళు, స్వయంగా పడ్డవాళ్ళు చెప్పండి.

నిదానం

మానసిక వైద్యం నా పని. హద్దు గురించి ముందు చెబుతాను.

మేము ముఖ్యంగా చూసేవి ఇవి: మనిషి ఆపాలనుకున్నా ఆపలేకపోతున్నాడా, దానివల్ల ఒంటికో పనికో సంబంధాలకో నష్టం జరుగుతోందా, అది కొంతకాలంగా సాగుతోందా. విందులో ఎక్కువ తినడం జబ్బు కాదు. తక్కువ సమయంలో విపరీతంగా తినడం, తింటున్నంతసేపూ ఆపడం తన చేతుల్లో లేదనిపించడం, ఆ తర్వాత సిగ్గు, అసహ్యం. ఇది వారానికి కనీసం ఒకసారి చొప్పున 3 నెలలు సాగితే బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటాం. నిద్రలేమికి వారానికి కనీసం 3 రాత్రులు, 3 నెలలు. పైగా పడుకునే అవకాశం ఉండి కూడా నిద్ర పట్టకపోవాలి. డ్యూటీల వల్ల నిద్ర చాలనివాళ్ళు ఈ లెక్కలోకి రారు. మద్యం, మత్తు పదార్థాలకు 11 లక్షణాలు రాశారు. ఒకే ఏడాదిలో 2 కనిపిస్తే తేలికపాటి స్థాయి, 6 గానీ అంతకు మించి గానీ ఉంటే తీవ్రం. లైంగిక సమస్యలకు సుమారు 6 నెలలు, దానివల్ల ఆ మనిషికి బాధ కూడా ఉండాలి. బాధ లేనప్పుడు కోరిక తక్కువగా ఉండటం దానికదే రోగం కాదు.

ఈ అంకెలు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే రోగ నిర్ధారణ పుస్తకంలోవి. ఈ గీతలు మనుషులు గీసినవే, దిద్దుకున్నవి కూడా ఉన్నాయి. స్వలింగ ఆకర్షణను 1973లో అదే సంస్థ జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పని 1990లో చేసింది. నలుగురికీ నచ్చకపోవడం ఎప్పుడూ రోగ లక్షణం కాదని ఈ రంగం కష్టపడి నేర్చుకుంది.

రాతిమాట

నాది వేరే అభిప్రాయం, కోపం తెచ్చుకోకండి. మా బాబాయి రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు తాగేవాడు. ఒకరోజు వద్దనుకున్నాడు, మానేశాడు. మళ్ళీ ముట్టలేదు. అన్నిటికీ జబ్బు అని పేరు పెడితే మనిషికి బాధ్యత ఎక్కడ మిగులుతుంది? "నాకు రుగ్మత ఉంది, నేనేం చేయను" అని చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది కదా. సంకల్పబలాన్ని మరీ తీసిపారేస్తున్నారనిపిస్తోంది.

వార్డు_నర్సు

రాతిమాట గారూ, మీ బాబాయి గారు మానేసినందుకు సంతోషం. కానీ ఈ సలహా మద్యం విషయంలో ఎవరికీ ఇవ్వకండి. ఇది వాదన కోసం చెప్పడం లేదు, ప్రాణాల మీదికి వచ్చే విషయం.

ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి "ఇవాళ్టి నుంచి చుక్క ముట్టను" అని ఒక్కసారిగా ఆపేస్తే, కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. 2 నుంచి 4 రోజుల మధ్య కొందరికి మతి చలిస్తుంది. లేనివి కనబడతాయి, ఎక్కడున్నాడో తెలియదు, జ్వరం, బీపీ పెరుగుతాయి. డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చికిత్స అందకపోతే చనిపోవచ్చు. నేను వార్డులో చూసినవాళ్ళలో చాలామంది తాగి వచ్చినవాళ్ళు కాదు, మానేసి వచ్చినవాళ్ళు. ఇంట్లోవాళ్ళు "ఒట్టు వేయించాం సిస్టర్, మూడు రోజులైంది ముట్టి" అని ఏడుస్తూ చెబుతారు. ఆస్పత్రిలో పద్ధతిగా మందులిచ్చి దించుతారు, విటమిన్ బీ1 కూడా ఇస్తారు. లేకపోతే మెదడు దెబ్బతిని జ్ఞాపకశక్తి పోయే ప్రమాదం ఉంది. ఏళ్ళుగా నిద్రమాత్రలకు అలవాటు పడ్డవాళ్ళు కూడా చాలా రకాల మాత్రల్ని ఉన్నపళంగా ఆపకూడదు. కారణం ఇదే.

సిగరెట్ ఒక్కసారిగా మానితే నరకంలా అనిపిస్తుంది, ప్రాణం పోదు. రెండూ ఒకటి కాదు.

నిదానం

నర్సు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. హెరాయిన్ లాంటి ఓపియాయిడ్ల విషయంలో ప్రమాదం వేరేచోట ఉంది. కొంతకాలం మానేశాక ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. తర్వాత ఒకరోజు జారి, పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. అందుకే చికిత్స కేంద్రం నుంచో జైలు నుంచో బయటికి వచ్చిన మొదటి వారాలు అంత ప్రమాదకరం. హెరాయిన్ బదులు డాక్టర్ పర్యవేక్షణలో ఇచ్చే బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ లాంటి మందులు కొనసాగించేవాళ్ళలో చావులు బాగా తగ్గుతాయి. "ఒక మత్తు బదులు ఇంకో మత్తు" అని ఆ మందులు మాన్పించే బంధువులను చూస్తే నాకు భయం వేస్తుంది.

మూడోబెంచి అడిగిన అసలు ప్రశ్న: ఇవన్నీ ఒకచోట ఎందుకు? నా దృష్టిలో అన్నిటికంటే మంచి ఆధారం పార్కిన్సన్స్ (ఒళ్ళు వణికి, కదలికలు మందగించే మెదడు జబ్బు) రోగుల దగ్గర దొరికింది. ఆ జబ్బుకు ప్రమిపెక్సోల్ లాంటి మందులు ఇస్తారు, అవి మెదడులో డోపమైన్ అనే రసాయనం చేసే పని చేస్తాయి. కదలికలకూ, ఏదైనా కావాలనిపించడానికీ అది ముఖ్యం. వాటిని వాడేవాళ్ళలో కొందరికి, జీవితంలో ఎన్నడూ పేకముక్క పట్టనివాళ్ళకు కూడా, జూదం పిచ్చి పట్టింది. కొందరికి అదుపులేని కొనుగోళ్ళు, కొందరికి తిండి, కొందరికి లైంగిక కోరిక. మందు తగ్గించినా మార్చినా చాలామందిలో అది తగ్గిపోయింది. ఒక మాత్రతో వచ్చి, మాత్ర తగ్గిస్తే పోయేదాన్ని గుణం అని ఎలా అంటాం?

మూడోబెంచి

ఇది మా పుస్తకంలో లేదు డాక్టర్ గారూ! అయితే అంతా డోపమైనే అనుకోవచ్చా?

నిదానం

వద్దు, అంత దూరం వెళ్ళకండి. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికుల మీద లీ రాబిన్స్ 1970లలో చేసిన అధ్యయనం చదవండి. అక్కడ హెరాయిన్‌కు బానిసలైనవాళ్ళలో, ఇంటికి వచ్చాక మొదటి ఏడాదిలో మళ్ళీ బానిసలైనవాళ్ళు సుమారు 5 శాతమే. మెదడు అదే, మనిషీ అతనే. చుట్టూ ఉన్న పరిస్థితి మారింది. మెదడు, పరిసరం, అలవాటు, పుట్టుకతో వచ్చింది, చిన్నప్పటి దెబ్బలు, అన్నీ కలిసి పనిచేస్తాయి. ఒక్కదాన్నే పట్టుకున్నవాళ్ళు చికిత్సలో తొందరగా దెబ్బతింటారు.

చెల్లికోసం

సంకల్పబలం గురించి మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నాను. మా చెల్లికి అనొరెక్సియా. దానికున్నంత సంకల్పబలం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. ఆకలితో కళ్ళు తిరుగుతున్నా తినదు. జ్వరం వచ్చినా వ్యాయామం మానదు. మొదట్లో చుట్టాలు మెచ్చుకున్నారు, "ఎంత పట్టుదల, ఎంత సన్నబడింది" అని. ఆ మెచ్చుకోలు దాన్ని ఇంకా లోపలికి నెట్టింది.

డాక్టరమ్మ బరువు కంటే ముందు నాడి చూశారు. గుండె చాలా మెల్లగా కొట్టుకుంటోంది, బీపీ తక్కువ, చేతులు చల్లగా మంచులా ఉన్నాయి. మానసిక రుగ్మతల్లో చావుల శాతం బాగా ఎక్కువగా ఉన్నవాటిలో ఇదొకటని అప్పుడే తెలిసింది. ఇంకో మాట కూడా చెప్పారు, ఇంట్లో ఎవరైనా ఉంటే గుర్తుంచుకోండి: చాలాకాలం తినని మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టకూడదట. రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండెకే ముప్పు వస్తుందట. అందుకే మొదటి రోజులు ఆస్పత్రిలో పరీక్షలు చేస్తూ మెల్లగా పెంచారు.

తర్వాత ఇంట్లో అమ్మానాన్నలే పక్కన కూర్చుని తినిపించే పద్ధతి నేర్పారు. కుటుంబంతో చేసే చికిత్స అన్నారు. చిన్న వయసువాళ్ళకు ఇది బాగా పనిచేస్తుందట. అరవకుండా, బతిమాలకుండా, ప్లేటు ముందు కూర్చోవడం ఎంత కష్టమో చెప్పలేను. అది మమ్మల్ని తిట్టేది. "ఆ మాటలు మీ అమ్మాయివి కావు, జబ్బువి అనుకోండి" అని డాక్టరమ్మ చెప్పిన మాట పట్టుకునే మా అమ్మ నిలబడింది.

మోడరేటర్

తిండి రుగ్మతల గురించి రాసేవాళ్ళు బరువులు, కేలరీల లెక్కలు రాయకండి. చదివేవాళ్ళలో ఆ జబ్బు ఉన్నవాళ్ళకు అవి పోటీగా మారతాయి. చెల్లికోసం గారు ఆ జాగ్రత్త తీసుకున్నారు, ధన్యవాదాలు. మందుల డోసులు కూడా వద్దు.

పాతగ్రంథాలు

చెల్లికోసం గారి పోస్టు చదివాక మిన్నెసోటా ప్రయోగం గుర్తొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒంట్లోనూ మనసులోనూ ఏ జబ్బూ లేని 36 మంది యువకులను ఎంచుకుని, వాళ్ళ ఇష్టంతోనే, 6 నెలలపాటు తిండి సుమారు సగానికి తగ్గించాడు. కరువు దెబ్బ తిన్నవాళ్ళను ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడం ఉద్దేశం. ఆ ఆరోగ్యవంతులు ఏమయ్యారంటే, పొద్దస్తమానం తిండి గురించే ఆలోచన. వంట పుస్తకాలు సేకరించారు. ముక్కలు ముక్కలు చేసి గంటలకొద్దీ తిన్నారు. స్నేహాలు వదిలేశారు, చిరాకు, దిగులు, లైంగిక కోరిక పూర్తిగా అడుగంటింది. మళ్ళీ తిండి ఇచ్చాక కొందరు ఆపకుండా తిన్నారు.

అంటే జబ్బు లక్షణాలని మనం అనుకునేవాటిలో కొన్ని కడుపు ఖాళీగా ఉండటం వల్ల వచ్చేవే. అందుకే తిండి రుగ్మతకు కౌన్సెలింగ్ ఒక్కటే సరిపోదు, ముందు మెదడుకు తిండి అందాలి. కఠినమైన డైటింగ్ తర్వాత, విపరీతంగా తిని వాంతులు చేసుకునే బులీమియా రావడం వెనక కూడా ఈ లెక్కే కనబడుతుంది. బులీమియా ఉన్నవాళ్ళు చాలామంది మామూలు బరువులోనే ఉంటారు, ఇంట్లోవాళ్ళకు తెలియదు. పళ్ళ డాక్టరే మొదట పట్టుకున్న సందర్భాలున్నాయి, కడుపులోని ఆమ్లం పంటి ఎనామిల్‌ను తినేస్తుంది కాబట్టి. పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. మగవాళ్ళకు ఇవి రావు అనుకోవడం కూడా తప్పు.

తెల్లవార్లూ

నాది నిద్ర గొడవ. చెల్లికోసం గారు చెప్పిందానికి దగ్గరగానే ఉంది. నేను నిద్ర కోసం ఎంత ప్రయత్నిస్తే అది అంత దూరం పోయేది. తొమ్మిదికే లైట్లు ఆర్పి, కళ్ళు గట్టిగా మూసుకుని, "ఇప్పుడు పడితే ఆరు గంటలు, ఇప్పుడు పడితే అయిదు" అని లెక్కలు. మంచం చూస్తేనే టెన్షన్. పట్టుదలే నాకు శత్రువు అయింది.

నాకు పనిచేసింది నిద్రలేమికి చేసే సీబీటీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చే మందుల్లేని చికిత్స. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో పెద్దవాళ్ళ దీర్ఘకాల నిద్రలేమికి మందుల కంటే ముందు దీన్నే ఇవ్వాలని సిఫార్సు చేసింది. వింటే తిరకాసుగా ఉంటుంది: మంచం మీద గడిపే సమయం తగ్గించమంటారు. నిజంగా పట్టే నిద్ర ఎంతో అంతసేపే పడుకోవాలి, పొద్దున రోజూ ఒకే సమయానికి లేవాలి, నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో కూర్చోవాలి. మొదటి వారాలు ఘోరం, పగలంతా తూగేదాన్ని. తర్వాత మెల్లగా సమయం పెంచారు. గడియారం తిప్పేసి పెట్టమన్న సలహా కూడా పనికొచ్చింది.

నిదానం

బాగా రాశారు. అయితే బైపోలార్ (మనసు అతి ఉత్సాహానికీ దిగులుకీ మధ్య ఊగే జబ్బు) ఉన్నవాళ్ళు, ఫిట్స్ వచ్చేవాళ్ళు, బండ్లు, యంత్రాలు నడిపేవాళ్ళు నిద్ర తగ్గించే ఈ పద్ధతి సొంతంగా మొదలుపెట్టకూడదు. అలాగే గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగేవాళ్ళకు ఉన్నది స్లీప్ ఆప్నియా కావచ్చు, దాని చికిత్స పూర్తిగా వేరు. నిద్రమాత్రల్లో జోల్పిడెమ్ లాంటి వాటి మీద 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తీవ్ర హెచ్చరిక పెట్టించింది. అవి వేసుకుని నిద్రలోనే నడిచినవాళ్ళు, కారు నడిపినవాళ్ళు ఉన్నారు.

నడివయసు దాటాక కలలో తన్నడం, కొట్టడం, అరవడం మొదలైతే "పీడకలలే" అని వదిలేయకండి. కలలప్పుడు ఒంటిని కదలకుండా ఉంచే ఏర్పాటు చెడిపోతే అలా జరుగుతుంది. కొందరిలో ఏళ్ళ తర్వాత వచ్చే పార్కిన్సన్స్‌కు అది ముందు గుర్తు. న్యూరాలజిస్టును కలవాలి.

పేరొద్దు

ఈ ఒక్క పోస్టు కోసం కొత్త ఐడీ తీసుకున్నాను. డిప్రెషన్‌కు మందులు వాడుతున్నాను, మనసు కుదుటపడింది. కానీ పడకగదిలో ఏమీ కావడం లేదు. భార్యకు నా మీద అనుమానం, "నేనంటే ఇష్టం పోయింది" అంటోంది. డాక్టర్‌ని అడగాలంటే నోరు రాలేదు. మందులు మానేద్దామనుకుంటున్నాను.

వార్డు_నర్సు

తమ్ముడూ, మానకు. ముందు డాక్టర్‌కి చెప్పు. డిప్రెషన్‌కు ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులతో కోరిక తగ్గడం, ఆలస్యం కావడం చాలా మామూలుగా కనిపించే సమస్య. డోసు సర్దవచ్చు, వేరే మందుకు మార్చవచ్చు. నోరు రాకపోతే కాగితం మీద రాసి టేబుల్ మీద పెట్టు. అలా ఇచ్చినవాళ్ళను చూశాను, ఏ డాక్టరూ నవ్వలేదు. మీ ఆవిడకి కూడా ఇది మందు చేసే పని అని చెప్పు, ఆ అమ్మాయి తన తప్పేమో అని కుమిలిపోతూ ఉంటుంది.

నిదానం

నర్సు గారి మాటే నా మాట. షుగర్, బీపీ, గుండె రక్తనాళాలు కూడా చూపించుకోండి. అంగస్తంభన సమస్య కొందరిలో గుండెజబ్బుకు ముందుగా వచ్చే సూచన.

ఒకటి రెండుసార్లు విఫలమయ్యాక మనిషి తనను తానే గమనించుకోవడం మొదలుపెడతాడు: "అవుతుందా, అవదా" అని. తెల్లవార్లూ గారు గడియారం చూసినట్టే. మాస్టర్స్, జాన్సన్ అనే అమెరికన్ లైంగిక పరిశోధకులు 1970లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో దంపతులను కొన్నాళ్ళు సంభోగమే వద్దని, స్పర్శ మీదే మనసు పెట్టమని చెబుతారు. పరీక్ష రద్దయితే భయం పోతుంది.

లైంగికతలో ఇంకో విషయం. అదుపులేని లైంగిక ప్రవర్తనను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో ఆవేశం అదుపు తప్పే రుగ్మతల కింద చేర్చింది. కానీ కోరిక ఎక్కువగా ఉన్నంత మాత్రాన, లేదా చేసినదాని మీద నైతికంగా సిగ్గు ఉన్నంత మాత్రాన ఆ పేరు పెట్టకూడదని అందులోనే రాశారు. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళలో చాలామందికి ఉన్నది జబ్బు కాదు, అపరాధభావం. అరుదైన ఇష్టాలకు కూడా ఇదే కొలత: ఆ మనిషికి తీవ్రమైన బాధ ఉందా, ఒప్పుకోని మనిషికి, ఒప్పుకోలేని వయసువాళ్ళకు హాని ఉందా. హాని ఉన్నచోట ఆ మనిషి చికిత్స కంటే ముందు వాళ్ళ రక్షణ.

అప్పులలెక్క

మా అన్నయ్యది ఆన్‌లైన్ జూదం. నోటికి వాసన ఉండదు, తూలడు, ఎవరికీ అనుమానం రాలేదు. మూడుసార్లు అప్పులు మేమే తీర్చాం. తీర్చిన ప్రతిసారీ మళ్ళీ మొదలయ్యేది. పోయిన డబ్బు రాబట్టుకోవాలనే ఆడతాడు. ఒక్క పందెం తగిలితే చాలు అంటాడు.

పాతగ్రంథాలు

అదే ఆ జబ్బు గుండెకాయ. ఎప్పుడు గెలుస్తామో తెలియని బహుమతి మనిషిని ఎప్పుడూ వచ్చే బహుమతి కంటే గట్టిగా పట్టేస్తుంది. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన పావురాలతో చూపించింది ఇదే. కొద్దిలో తప్పిపోయిన పందెం మెదడుకు ఓటమిలా కాకుండా దాదాపు గెలుపులా అనిపిస్తుంది, ఆ ఆటలు దాని మీదే బతుకుతాయి. డీఎస్ఎం-5లో జూదాన్ని ఆవేశ రుగ్మతల నుంచి తీసి మద్యం, మత్తు పదార్థాల పక్కన పెట్టారు. పదార్థం లేకుండా వ్యసనం ఉంటుందని అధికారికంగా ఒప్పుకున్నట్టే.

వార్డు_నర్సు

అప్పులలెక్క గారూ, అప్పు మళ్ళీ తీర్చే ముందు డబ్బు చేతికి అందే దారులు మూయండి. ఖాతా ఇంకొకరి చేతిలో ఉండాలి, ఫోన్‌లో ఆ యాప్‌లు రాకుండా బ్లాక్ చేయాలి. ఇది అతని ఒప్పుదలతో చేయండి, దొంగచాటుగా కాదు. కోరిక అలలా లేచి కాసేపటికి తగ్గుతుంది. ఆ కాసేపు డబ్బు అందకపోతే చాలావరకు గండం గడుస్తుంది. ముఖ్యమైంది: జూదంలో మునిగినవాళ్ళలో ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువ, అప్పు బయటపడిన రోజుల్లో మరీ. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

కుడిచెయ్యి

జుట్టు పీక్కునే అలవాటు ఉన్నదాన్ని. తల మీద ఖాళీలు దాచడానికే సగం జీవితం పోయింది. దీన్ని ఇప్పుడు ఓసీడీకి (వద్దన్నా ఒకే ఆలోచన, ఒకే పని మళ్ళీ మళ్ళీ వచ్చే జబ్బు) దగ్గరి రుగ్మతల్లో పెట్టారు. నాకు పనికొచ్చింది అలవాటు మార్పిడి శిక్షణ. 1973లో అజ్రిన్, నన్ అనే మనస్తత్వవేత్తలు రాసిన పద్ధతి. చెయ్యి ఎప్పుడు పైకి వెళ్తోందో గమనించడం, వెళ్ళగానే పిడికిలి బిగించి కాసేపు ఉంచడం. "మానెయ్" అన్న మాట కంటే "చెయ్యి ఎక్కడుంది?" అన్న ప్రశ్న వందరెట్లు నయం.

రాతిమాట

అన్నీ చదివాను. దొంగతనం చేసినవాడు, ఇంట్లోవాళ్ళను కొట్టినవాడు కూడా "నాకు రుగ్మత" అంటే ఒప్పుకోవాలా? నా ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

నిదానం

ఆ ప్రశ్న అడగాల్సిందే. క్లెప్టోమేనియా అరుదు. అందులో మనిషి తనకు అవసరం లేనివి, కొనుక్కోగలిగినవి తీస్తాడు. ముందు తట్టుకోలేని ఒత్తిడి, తీశాక ఊరట, తర్వాత సిగ్గు. లాభం కోసం చేసే దొంగతనానికి ఆ పేరు పెట్టరు. ఆవేశం పేలే రుగ్మతలో కోపం చిన్న కారణానికి, ఆలోచన లేకుండా, హద్దు మీరి వస్తుంది. బాస్ మీద ఎన్నడూ పేలకుండా భార్య మీద మాత్రమే పేలే కోపాన్ని నేను అంత తేలిగ్గా ఆ లెక్కలో వేయను. రుగ్మత ఉన్నా సరే, దెబ్బలు తినే మనిషి అక్కడే ఉండి ఓర్చుకోవాలని ఏ వైద్యమూ చెప్పదు.

జబ్బు తెచ్చుకున్నందుకు మనిషిని నిందించను. తెలిశాక చికిత్సకు రావడం, ఇతరులకు హాని జరగకుండా చూసుకోవడం అతని బాధ్యతే. సంకల్పబలాన్ని ఇక్కడ ఎవరూ తీసిపారేయలేదు, గమనించండి. అనొరెక్సియాలో అది జబ్బు చేతిలో చిక్కింది. నిద్రలోనూ పడకలోనూ అది అడ్డం వచ్చింది. వ్యసనంలో అది కావాలి, కానీ కోరిక లేచిన క్షణంలో దానిమీద ఆధారపడితే ఓడిపోతాం. నిమ్మళంగా ఉన్న పూట యాప్ తీసేయడానికి, అపాయింట్‌మెంట్ తీసుకోవడానికి వాడాలి.

మూడోబెంచి

ఇంట్లో చెప్పాల్సిన జవాబు దొరికింది. ఇంకొక్కటి అడుగుతాను. మా స్నేహితుడి నాన్నగారు నిద్ర కోసం తాగడం మొదలుపెట్టారు. ఇప్పుడు తాగుడూ ఉంది, నిద్రా లేదు. ముందు దేనికి చూపించాలి?

వార్డు_నర్సు

రెండూ ఒకే డాక్టర్‌కి, ఒకేసారి చెప్పాలి బాబూ. మద్యం తొందరగా నిద్రపుచ్చుతుంది, తెల్లవారుజామున లేపేస్తుంది, కలల నిద్రను చెడగొడుతుంది. అందుకే రోజూ మోతాదు పెరుగుతుంది. పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయా, గతంలో మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా అని కనుక్కోమను. ఏ ఒక్కటి ఉన్నా ఇంట్లో మాన్పించే ప్రయత్నం చేయవద్దు. రోజుకు ఎంత తాగుతున్నారు, ఏ నిద్రమాత్రలు వేసుకుంటున్నారు, ఉన్నది ఉన్నట్టు రాసుకుని వెళ్ళమను. మానేశాక కూడా నిద్ర సర్దుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, ఆ సంగతి ముందే చెప్పాలి. నిద్ర పట్టక మళ్ళీ గ్లాసు పట్టుకునేది ఆ రోజుల్లోనే.